నాన్న ఎలా పోయారని అడిగితే

“మీ నాన్నగారు ఏ వయసులో పోయారమ్మా?” అని డాక్టరుగారు అడిగినప్పుడు వెంటనే చెప్పగలిగాను. నలభై దాటి ఒకటి రెండేళ్ళు అయివుంటాయి. “ఎలా పోయారు?” అని అడిగినప్పుడు మాత్రం ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను.

“ఉన్నట్టుండి పోయారండి,” అన్నాను. ఎవరడిగినా మా అమ్మ చెప్పే మాట అది. నాకు తెలిసిందీ అంతే.

“ఉన్నట్టుండి అంటే? గుండెనొప్పా, జ్వరమా, ఏదైనా ప్రమాదమా?”

“తెలీదండి. అప్పుడు నేను రెండో తరగతి.”

“పోనీ, ఇంట్లో పెద్దవాళ్ళెవరినైనా అడిగి చెప్పండి,” అన్నారాయన.

సరేనని తల ఊపాను. ఆ తల ఊపడం అలవాటు మీద చేసిందే. ఎవరిని అడగాలో నాకే తెలియదు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళడానికి కారణం మెట్లు. నందిగామలో ఒక జూనియర్ కాలేజీ ఆఫీసులో నా ఉద్యోగం. ఆఫీసు మేడ మీద ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎక్కుతున్న మెట్లే. ఆ వేసవిలో మలుపు దగ్గర ఆగి, గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుని మిగతావి ఎక్కడం మొదలైంది. ఎండ వల్లనుకున్నాను. వయసనుకున్నాను, యాభై దాటాయి కదా అని సర్దిచెప్పుకున్నాను. తర్వాత వానలు పడ్డాయి. ఎండ పోయింది, ఆయాసం పోలేదు.

అంతకు ముందు ఏడాదే మా తమ్ముడు పోయాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు. కంచికచర్లలో పురుగుమందుల కొట్టు ఉండేది వాడికి. పొద్దున్నే వచ్చి షట్టరు ఎత్తాడట. ఛాతీలో మంటగా ఉందని పక్క కొట్టు నుంచి సోడా తెప్పించుకుని తాగాడట. గ్యాస్ అయ్యుంటుందిలే అని కుర్చీలో కూర్చున్నాడు, కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడు. ఆంబులెన్సు విజయవాడ చేరేలోపే అయిపోయింది. మెట్ల మలుపు దగ్గర ఆగిన ప్రతిసారీ నాకు ఆ సోడా సీసా గుర్తొచ్చేది. అందుకే, ఎవరితోనూ అనకుండా, ఒకరోజు ఆఫీసు అయ్యాక డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన రెండు చేతులకీ బీపీ చూశారు. నర్సు నడుము చుట్టూ టేపు పెట్టి కొలిచింది, బరువు చూసింది. పొగాకు అలవాటుందా అన్న ప్రశ్న అడక్క తప్పదన్నట్టు నవ్వి అడిగారు. నెలసరి ఆగి ఎన్నాళ్ళయిందన్నారు.

“అది ఉన్నన్నాళ్ళూ ఆడవాళ్ళ గుండెకి కొంత కాపు ఉంటుందమ్మా. ఆగాక మగవాళ్ళకున్న ముప్పే మీకూనూ. మనవాళ్ళేమో ఆడమనిషికి గుండెజబ్బేంటి, గ్యాస్ అయ్యుంటుంది అని ఇంట్లో కూర్చోబెడతారు.”

“నాకొస్తుందంటారా?” అన్నాను.

“వస్తుందో రాదో జాతకంలా చెప్పలేం. ముప్పు ఎంతుందో అంచనా మాత్రం వెయ్యొచ్చు. బీపీ మిషను చెప్తుంది. షుగరు, కొవ్వు సంగతి రక్తపరీక్షలో తెలుస్తుంది. మీ ఇంట్లో ఎవరికి ఏమొచ్చిందో మాత్రం మీరే చెప్పాలి. తమ్ముడుగారి సంగతి విన్నాక నాకు అదే ముఖ్యం.”

బయటికొచ్చి పేట బస్సెక్కాను. నేనుండేది జగ్గయ్యపేటలో, ఒకళ్ళ ఇంటి వెనక వాటాలో. హైవే మీద బస్సు పోతుంటే కిటికీ పక్కన కూర్చుని, అడగడానికి మనిషెవరా అని ఆలోచించాను. అమ్మ పోయి రెండేళ్ళు. తమ్ముడు లేడు. అమ్మకు తోబుట్టువులు లేరు. నాకు పెళ్ళి కాలేదు, కాబట్టి అత్తారింటివైపు పెద్దలనేవాళ్ళు కూడా లేరు. నాన్న పేరెత్తితే గుర్తుపట్టే మనిషి నాకు ఎవరూ మిగల్లేదని ఆ బస్సులో మొదటిసారి అర్థమైంది. బస్సు నిండా జనం ఉన్నారు.

ఒక్క మనిషి ఉంది. నాన్న అక్క. మా మేనత్త. వేదాద్రిలో ఉంటుంది. కానీ నాన్న పోయిన రోజు నుంచీ వాళ్ళకూ మాకూ మాటల్లేవు.

ఆ రోజు నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. బడి నుంచి నన్ను మధ్యలో తీసుకొచ్చారు. వసారాలో నాన్నను పడుకోబెట్టారు. తమ్ముడు ఎవరి చంకనో ఉన్నాడు. మేనత్త జుట్టు విరబోసుకుని అమ్మ మీదికి వెళ్ళి ఏదో అరిచింది, నలుగురూ పట్టుకుని లాగారు. అమ్మ ఏడవడం ఆపేసింది. ఆ అరుపులో మాటలు నాకు తెలియలేదు. అమ్మ ముఖం మాత్రం కళ్ళముందే ఉంది.

తర్వాత అమ్మ మమ్మల్ని తీసుకుని పేట వచ్చేసింది. మిషను కుట్టి మమ్మల్ని పెంచింది. అమ్మలో ఒక వింత అలవాటు ఉండేది. పెళ్ళికో, గృహప్రవేశానికో వెళ్ళినప్పుడు తోటి ఆడవాళ్ళు గరిటె చేతికిచ్చి వడ్డించమంటే ససేమిరా ఒప్పుకునేది కాదు. ఆకులు తుడిచేది, గిన్నెలు తోమేది. అంట్లయినా సంతోషంగా తోమేది. ఎవరి విస్తట్లోనూ తన చేత్తో ఒక్క మెతుకు వేసేది కాదు. మొగుడు పోయిన మనిషని వెనక్కి తగ్గుతోందనుకునేవాళ్ళు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. ఇంట్లో మాకు పెట్టేటప్పుడు కూడా, మేం తిని లేచి చెయ్యి కడుక్కునేదాకా గుమ్మం దగ్గర నిలబడి చూస్తూనే ఉండేది.

రక్తం రిపోర్టులు వచ్చాయి. బీపీ ఎక్కువే ఉంది. షుగరు అంచుల్లో ఉంది. డాక్టరుగారు కొవ్వు రిపోర్టు దగ్గర ఆగిపోయారు.

“మీరేం తింటారమ్మా?”

“ఒక్కదాన్నే కదండీ. పొద్దున వండిందే రెండు పూటలా. అన్నం, పచ్చడి, ఏదో ఒక వేపుడు, మజ్జిగ.”

“పచ్చళ్ళూ వేపుళ్ళూ తగ్గించాల్సిందే, బీపీకి ఉప్పు మంచిది కాదు. కానీ చెడు కొవ్వు ఇంత ఉండడం తిండి ఒక్కదానివల్లే కాకపోవచ్చు. కొన్ని ఇళ్ళల్లో ఇది పుట్టుకతోనే వస్తుంది. నాన్నగారి సంగతి కనుక్కోమన్నానే?”

“కనుక్కుంటానండి.”

“ఈలోపు విజయవాడ వెళ్ళి ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి. నడిపించి గుండె ఎలా కొట్టుకుంటుందో చూస్తారు. ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి.”

ఆఫీసులో ఎవరినైనా అడిగితే వచ్చేవాళ్ళేమో. సెలవు పెట్టి నాతో రమ్మని, ఆసుపత్రి బెంచీ మీద పూటంతా కూర్చోమని అడిగేంత చనువు ఎవరితో ఉందా అని ఒక్కొక్కరినీ తలుచుకున్నాను. భోజనాల దగ్గర కూరలు పంచుకునే చనువు అందరితోనూ ఉంది. ఈ పనికి అది చాల్లేదు. ఒక్కదాన్నే వెళ్ళాను.

కౌంటరు దగ్గర అమ్మాయి కాగితం మీద రాస్తూ, “అటెండరు ఎవరండీ? మీతో వచ్చినవాళ్ళు?” అంది.

“ఎవరూ రాలేదమ్మా.”

“అట్టా కుదరదండి. నడిచేటప్పుడు ఏమన్నా అయితే పక్కన మనిషి ఉండాలి. వాళ్ళ సంతకం కావాలి. ఫోన్ చేసి పిలిపించుకోండి.”

ఫోన్ తీశాను. పేర్లు పైకీ కిందికీ జరుపుతూ నిలబడ్డాను. తమ్ముడి నంబరు ఇంకా తీసెయ్యలేదు. దాని దగ్గర వేలు ఆగింది.

పక్క బెంచీ మీద బురఖా వేసుకున్న ఒకావిడ, తన భర్తను పరీక్షకు లోపలికి పంపి కూర్చుని ఉంది. నా వయసే ఉంటుంది. లేచి కౌంటరు దగ్గరికి వచ్చింది.

“నేనుంటాలేమ్మా, రాస్కో,” అంది ఆ అమ్మాయితో.

“మీరేమవుతారండీ ఈవిడకి?”

ఆవిడ నావైపు చూసింది.

“అక్కని. అక్క అని రాయి,” అంది.

నా హ్యాండ్‌బ్యాగు, కళ్ళజోడు, చెప్పులు అన్నీ ఆవిడే పట్టుకుంది. లోపల ఛాతీకి తీగలు అంటించి నడిపించారు. వేగం పెంచుతుంటే కాళ్ళు లాగాయి, ఊపిరి అందలేదు, మధ్యలో చాలనేశాను. బయటికి వచ్చేసరికి ఆవిడ అక్కడే ఉంది. భర్త పక్కన నిలబడి వెళ్దామని తొందర పెడుతున్నాడు. “ఏమన్నారు?” అంది. ఇప్పటికైతే పెద్ద తేడా కనపడలేదన్నారని చెప్పాను. “అల్లా దయ” అని బ్యాగు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఏ ఊరని కూడా అడగలేదు నేను. తిరిగొచ్చే బస్సులో ఆ సంగతి తలుచుకుని చాలాసేపు బాధపడ్డాను.

ఆ వచ్చిన ఆదివారం వేదాద్రి వెళ్ళాను. చిల్లకల్లు దగ్గర దిగి ఆటో ఎక్కాను. అత్తవాళ్ళ ఇల్లు గుడి వెనక సందులోనని తెలుసు, ఎలా ఉంటుందో తెలియదు. ఒక ముసలాయన దారి చూపించాడు. వాకిట్లో గుళికల మందు వాసన వేస్తున్న గోతాలు ఆరేసి ఉన్నాయి. వసారాలో మడతమంచం మీద అత్త కూర్చుని ఉంది. ఎనభై దాటాయి. చూపు ఆనదు.

“ఎవరూ?”

“నేనత్తా. పేట నుంచి. నీ తమ్ముడి కూతుర్ని.”

చెయ్యి చాచింది. దగ్గరికి వెళ్తే ముఖమంతా తడిమింది. “నువ్వా? ముక్కు మావాడిదే,” అని చెయ్యి వెనక్కి తీసుకుంది. లోపలి నుంచి అత్త కొడుకు, మా బావ వచ్చాడు. ఆయన వెనకే ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చింది. నన్ను చిన్నప్పుడు ఆ బావకే ఇద్దామనుకునేవాళ్ళట. ఇప్పుడు జుట్టంతా నెరిసిన మనిషి, జేబులో సిగరెట్ పెట్టె కనిపిస్తోంది, నన్నేమని పిలవాలో తెలియక “రామ్మా, కూర్చో” అన్నాడు.

చుట్టూ తిప్పకుండా అడిగేశాను. “అత్తా, నాన్న ఎలా పోయాడు?”

“ఇప్పుడెందుకే అది?”

“డాక్టరు అడిగాడు. తమ్ముడు గుండెనొప్పితో పోయాడు. నాకూ ఉందేమోనని చూస్తున్నారు.”

తమ్ముడి సంగతి ఆవిడకు తెలుసు. తలవంచుకుని మంచం అంచు తడుముకుంది. వెళ్ళగొడుతుందేమో అనుకున్నాను. తర్వాత మెల్లగా చెప్పింది.

“అప్పటికి వారం నుంచి అంటానే ఉన్నాడు, ఎడం రెక్క లాగుతోందని. దవడ నొప్పంటే పన్ను నొప్పనుకున్నాం. మీ అమ్మ పేట ఆస్పత్రికి పోదామని పోరింది. ఊరికే పోరింది. నేనే, అది వాతం రా, వాము నమిలి పడుకో అన్నా. నా మాట వింటాడుగా, పోలా. ఆ రోజు మీ అమ్మ చేపల పులుసు పెట్టింది. తిని లేచి చెయ్యి కడుక్కుంటా కడుక్కుంటా పడిపోయాడు.”

“నువ్వు అమ్మనేదో అన్నావు. నాకు గుర్తుంది.”

“అన్నా. పెట్టిన చేత్తోనే పంపించావు గదే అన్నా. నీ చేతి కూడే చంపిందన్నా. ఊరంతా ఉంది అప్పుడు.”

అమ్మ పెళ్ళిళ్ళల్లో గరిటె ముట్టుకోకపోవడం, మేం తిని లేచేదాకా గుమ్మం దగ్గర నిలబడడం, ఒకదాని తర్వాత ఒకటి నా ముందుకు వచ్చి నిలబడ్డాయి. ఆ ఒక్క మాటను అమ్మ జీవితమంతా మోసింది. మాకు చెప్పలేదు. చెబితే మేం కూడా ఎక్కడ నమ్ముతామోనని భయపడి ఉంటుంది.

“మా నాన్న, అంటే మీ తాత, మిరప చేలో పడిపోయాడు,” అంది అత్త, ఎవరూ అడక్కుండానే. “గాలి సోకిందన్నారు. మీ బాబాయి లారీ నడిపేవాడుగా. గరికపాడు చెక్‌పోస్టు కాడ లారీ ఆపుకుని స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. నిద్రపోతన్నాడనుకున్నారు అందరూ. ముగ్గురికి ముగ్గురూ యాభై చూడలా. ముగ్గురు పోయినా నా బుర్రకి తట్టలా. మీ అమ్మ పులుసొక్కటే కనపడింది నాకు.”

“అమ్మ లేదత్తా.”

“తెలుసు. కబురొచ్చింది. ఏ మొహం పెట్టుకుని రాను?” అని కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. “ఎన్నోసార్లు అనుకున్నా, పేట పోయి ఒక్క మాట చెప్పొద్దామని. పోలేకపోయా.”

పర్వాలేదని అనాల్సిన చోటు అది. నేను అనలేదు. ఆ మాట చెప్పవలసింది అమ్మ. నేనెవర్ని చెప్పడానికి? కోపం వచ్చింది. ముసలావిడ భుజాలు వణకడం చూసి కోపం కూడా నిలబడలేదు. ఏమీ మిగల్లేదు నాకు. లేచి పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. గోడ అవతల కృష్ణ కనిపిస్తోంది. అవతలి ఒడ్డు వైపు ఒక పడవ పోతోంది. అది కనపడనంత దూరం పోయేదాకా చూసి, ముఖం కడుక్కుని లోపలికి వచ్చాను.

బావ దగ్గర ఒక మాట అనకుండా రాబుద్ధి కాలేదు. “బావా, నువ్వు కూడా ఒకసారి చూపించుకో. ఆ సిగరెట్టు మానెయ్.”

“నాకేంటమ్మా, నిక్షేపంలా ఉన్నా,” అన్నాడు నవ్వి. “అయినా అది మీ ఇంటి జబ్బు. నేను మా నాన్న ఇంటివాణ్ణి. మా అమ్మని చూడు, ఎనభై దాటినా గుండ్రాయిలా ఉంది.”

“అత్తయ్య సంగతి సరే,” అంది ఆయన భార్య వంటింటి గుమ్మం నుంచి. “నువ్వు పొలం నుంచొచ్చి గట్టు మీద కూర్చుని గుండెలు రుద్దుకోవడం నేను చూట్టంలా?”

“అది ఎండకే.”

“వానాకాలం ఎండేంటి?” అందావిడ. నాకు నా మెట్లు గుర్తొచ్చాయి. ఆవిడకు ఆ మలుపూ ఆయాసమూ అన్నీ చెప్పాను. భర్తతో ఏమీ అనలేదు, నా నంబరు మాత్రం తీసుకుంది.

నందిగామ డాక్టరుగారికి తాతయ్య, నాన్న, బాబాయి ఎలా పోయారో చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి విన్నారు. “ఇదమ్మా నేను అడిగింది,” అన్నారు. కొవ్వు తగ్గే మాత్ర, బీపీ మాత్ర రాశారు. బాగున్నానని మధ్యలో మానకూడదని గట్టిగా చెప్పారు. ఉప్పు, వేపుళ్ళు తగ్గించమన్నారు. రోజూ నడవమన్నారు. “వంశంలో ఉన్నదాన్ని మనం తీసెయ్యలేం. మిగతావన్నీ మన చేతిలో ఉన్నాయి. అవి సరిగ్గా పెట్టుకుంటే ముప్పు బాగా తగ్గుతుంది. ఇంకో మాట. తమ్ముడుగారికి పిల్లలున్నారా?”

“ఒక అమ్మాయండి. డిగ్రీ చదువుతోంది.”

“ఆ అమ్మాయికి కూడా రక్తపరీక్ష చేయించాలి. వాళ్ళమ్మగారికి చెప్పండి.”

నాకు అన్నిటికంటే కష్టమైన మందు అది. రోజూ రేపు చెబుదామనుకుంటూ వాయిదా వేశాను.

మిగతావి మొదలుపెట్టాను. ఒక్కదానికి వండుకోవడంలో ఉప్పు తగ్గించడం పెద్ద పని కాదు, అడ్డు చెప్పేవాళ్ళుండరు. చప్పగా ఉందని అనుకోవడానికీ ఎవరూ ఉండరు. అమ్మ పోయాక కూర వండే ఓపిక లేక పచ్చడితో గడిపేస్తూ వచ్చానని అప్పుడు తెలిసింది. దొండకాయలు, సొరకాయలు తెచ్చి రెండు పూటలా వేడిగా వండుకోవడం మొదలుపెట్టాను. వండి, వడ్డించుకుని, ఎదురుగా గోడ చూస్తూ తినడం. తినడానికంటే ఆ వడ్డించుకోవడానికే గుండె దిటవు చేసుకోవలసి వచ్చేది.

పొద్దున్నే హైస్కూలు గ్రౌండులో నడిచేదాన్ని. అక్కడ జంటలు జంటలుగా వస్తారు, ఆడవాళ్ళు గుంపుగా కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు. పలకరిస్తే నవ్వుతారు. వాళ్ళ నడక నాకంటే నిదానం, నేను వాళ్ళను దాటిపోతాను, వాళ్ళ మాటలు వెనకపడతాయి. సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే బస్సులు రోడ్డు మీద హారన్ కొట్టుకుంటూ పోతుంటాయి. ఆ గంటలో నాతో ఎవరూ మాట్లాడరు. మొదట్లో అదే బరువుగా ఉండేది.

ఆఫీసులో మధ్యాహ్నం క్యారేజీలు విప్పినప్పుడు ఆవకాయ, అప్పడాలు వద్దంటుంటే మొదట బతిమాలారు, తర్వాత వేళాకోళం చేశారు. ఒకామె, మంచి మనిషే, మనసులో ఏమీ పెట్టుకోదు, “పిల్లా జెల్లా లేరు, ఒక్కదానివి. ఎవరి కోసమండీ ఇన్ని తిప్పలు?” అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు ఇంటికి వచ్చాక గిన్నె పొయ్యి మీద పెట్టి, స్టవ్ వెలిగించకుండా కూర్చుండిపోయాను. ఆవిడ అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. ఎవరి కోసమో ఒకరి పేరు చెప్పగలిగితే బాగుండేది. ఎంత వెతికినా నా పేరే మిగిలింది. చాలాసేపటికి లేచి స్టవ్ వెలిగించాను. ఆకలేస్తోంది, అందుకు.

శీతాకాలం మొదట్లో వేదాద్రి నుంచి ఫోన్ వచ్చింది. బావ భార్య.

“ఆయన్ని తిట్టి, ఏడ్చి, విజయవాడ తీసుకుపోయాం. రక్తనాళం ఒకటి మూసుకుపోయిందంటమ్మా, బాగా. స్టెంటు వేశారు. ఇంకొన్నాళ్ళు ఆగితే మనిషి దక్కేవాడు కాదన్నారు. ఇదిగో, మాట్లాడు.”

బావ గొంతు నీరసంగా ఉంది. “మానేశాలేమ్మా, సిగరెట్టు,” అన్నాడు. వెనక నుంచి అత్త, “దాన్నొకసారి రమ్మనరా” అంటోంది. వస్తానని చెప్పాను. ఇంతవరకూ వెళ్ళలేదు. వెళ్ళాలనే ఉంది. అమ్మను తలుచుకుంటే కాళ్ళు ఆగిపోతున్నాయి.

కానీ ఆ ఫోన్ తర్వాత ఇక ఆగబుద్ధి కాలేదు. మా మరదలికి ఫోన్ చేశాను. తమ్ముడు పోయాక కూతుర్ని తీసుకుని ఖమ్మం, వాళ్ళ పుట్టింటికి వెళ్ళిపోయింది. పండక్కో, సంవత్సరీకానికో తప్ప మాటల్లేవు. గొడవేమీ లేదు. మమ్మల్ని కలిపి ఉంచిన మనిషి పోయాడు, అంతే.

తాతయ్య దగ్గర నుంచీ మొత్తం చెప్పాను. అంతా విని, “అంటే ఏందొదినా?” అంది. గొంతు మారిపోయింది. “మీ ఇంట్ల ఇంత ఉందని తెలిసి కూడా నాకు చెప్పలేదా? ఆయన పొయ్యిండు చాలదా, ఇప్పుడు నా బిడ్డను కూడా భయపెడతారా?”

“తెలీదమ్మా. నాకే తెలీదు. తెలిస్తే వాడిని బతికించుకునేదాన్ని కదా. ఇప్పుడు తెలిసింది కాబట్టి చెప్తున్నా. ఒక్క రక్తపరీక్ష. భయపడాల్సిందేం లేదు, చిన్నపిల్ల, ముందే తెలుసుకుంటే మంచిది.”

ఫోన్ పెట్టేసింది. తనను తప్పుపట్టలేకపోయాను. మనిషి పోయినప్పుడు ఆ దుఃఖాన్ని ఎవరి మీదో ఒకరి మీద పెట్టకుండా ఉండడం ఎంత కష్టమో వేదాద్రిలో చూసి వచ్చాను. ఈసారి అది మా ఇంటి మీద పడింది, అందులో మిగిలింది నేను.

తర్వాత చాలా రోజులు ఏ కబురూ లేదు. ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. మేనకోడలి రక్తం రిపోర్టు. కింద ఒక్క మాట లేదు. కొవ్వు దగ్గర అంకె ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది. సాయంత్రం డాక్టరుగారికి చూపించాను. ఈ వయసులో తెలియడం అదృష్టమన్నారు. అక్కడే మంచి డాక్టరుకు చూపించి, ఇప్పటి నుంచే తిండీ వ్యాయామం సరిచేసుకుని, ఏటా పరీక్ష చేయించుకుంటూ ఉండాలని, మందు ఎప్పుడు మొదలుపెట్టాలో ఆయన చెప్తారని అన్నారు. అదంతా మెసేజి రాసి మరదలికి పంపాను. చదివినట్టు నీలం గీతలు రెండూ పడ్డాయి. జవాబు లేదు.

నా రెండో రిపోర్టులో కొవ్వు బాగా దిగింది, బీపీ కూడా. డాక్టరుగారు సంతోషించారు. మంచి వార్త విని బయటికి వచ్చి, ఎవరికి చెప్పాలో తెలియక పాత బస్టాండు దాకా ఊరికే నడిచాను. అక్కడ జామకాయలు కొనుక్కుని, ఒకటి తుడుచుకుని, ఉప్పూకారం వద్దని చెప్పి తిన్నాను.

ఒక ఆదివారం గ్రౌండులో ఉండగా ఫోన్ మోగింది. మేనకోడలు.

“అత్తా, ఏం చేస్తున్నావ్?”

“నడుస్తున్నా.”

“నేను కూడా. ఇక్కడ డాక్టరు రోజూ నడవమన్నాడు. ఒక్కదాన్నే బోర్ కొడుతోంది.”

“నాకూ అంతే,” అన్నాను.

తన వైపు ఆటో చప్పుడు, ఎవరో కూరగాయలు అమ్ముకునే కేక వినిపించాయి. అమ్మెలా ఉందని అడిగాను. బానే ఉందంది, నిద్రపోతోందట. కాలేజీ గురించి రెండు మాటలు చెప్పింది. నవ్వితే అచ్చం వాళ్ళ నాన్నే. ఆ మాట గొంతు దాకా వచ్చింది, అనలేదు.

“సరే అత్తా, ఇల్లొచ్చేసింది. ఉంటా.”

“ఉంటా” అన్నాను. నాకింకా కొంత దూరం మిగిలే ఉంది. ఆ తర్వాత కొన్ని ఆదివారాలు ఫోన్ వచ్చింది, కొన్ని ఆదివారాలు రాలేదు. రాని రోజు కూడా నడుస్తూనే ఉన్నాను.